టికెట్ చవకా, ప్రయాణం చవకా?

హుకుంపేటలో రైలు కూత వినపడదు. అయినా మండలంలో ఏ ఊరికెళ్లినా రైలుతో పనిపడే ఇళ్లు కనిపిస్తాయి. ఒకింట్లో అమ్మాయి హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతుంటుంది. ఇంకో ఇంట్లో కుర్రాడు కాఫీ పళ్ల ఏరివేత అయిపోగానే చెన్నైకో బెంగళూరుకో కట్టడం పనికి పోతాడు. మరో ఇంట్లో పెద్దాయనకి విశాఖ కేజీహెచ్ డాక్టర్లు హైదరాబాద్ పెద్దాసుపత్రికి రాసిచ్చి ఉంటారు. వీళ్లందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "చవకగా ఏ బండికి పోవచ్చు?"

జవాబు తేలికే. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వైపు రిజర్వేషన్ సీటు చవకగా కావాలంటే పగటి బండిలో సెకండ్ సిట్టింగ్ తీసుకోవాలి. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఉంది. స్లీపర్ కంటే సుమారు రెండు వందలు తక్కువ పడుతుంది. కానీ ఆ బండి విశాఖలో తెల్లవారుజామునే, ఆరు దాటగానే బయల్దేరుతుంది. ఆ వేళకి ప్లాట్‌ఫాం మీద ఉండాలంటే హుకుంపేట మనిషి ముందురోజే కొండ దిగాలి. లాడ్జిలో గది, రాత్రి భోజనం, విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి లాడ్జికి ఆటో, లాడ్జి నుంచి స్టేషన్‌కి ఇంకో ఆటో. మిగిలిన రెండు వందలు గది బయానాకే చాలవు. అదే గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే సాయంత్రం ఐదు దాటాక కదులుతుంది. పొద్దున్నే అంబలి తాగి ఇంటి దగ్గర బస్సెక్కినా అందుతుంది. స్లీపర్ టికెట్ నాలుగు వందల పైచిలుకు. టికెట్ ఖరీదైనా ప్రయాణం చవకే.

రైల్వే వెబ్‌సైట్ చూపించేది స్టేషన్ నుంచి స్టేషన్‌కి అయ్యే ధర. మన జేబులోంచి పోయేది గుమ్మం నుంచి గుమ్మానికి అయ్యే ఖర్చు. స్టేషన్ పక్కన ఇల్లున్నవాడికి ఈ రెండూ ఒకటే. మన్యంలో ఉన్నవాళ్లకి మాత్రం వీటి మధ్య ఒక ఘాట్ రోడ్డు ఉంది. చవక టికెట్ల చిట్కాలు రాసే వాళ్లెవరూ ఆ ఘాట్‌ని లెక్కలో వేయరు. ఈ అధ్యాయంలో దాన్నే మొదట వేస్తున్నాం.

ముందు బస్సు, తర్వాత బండి

"అరకులో స్టేషన్ ఉంది కదా, అక్కడే ఎక్కేస్తే పోదా?" అని చాలామంది అనుకుంటారు. దూరం చూస్తే నిజమే. హుకుంపేట పాడేరు–అరకు దారిలోనే ఉంది, అటు వెళ్లినా ఇటు వెళ్లినా ఎంతోసేపు పట్టదు. కానీ అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా పేరు. ఖనిజం బండ్ల మధ్య దొరికిన సందులో ప్రయాణికుల బండ్లు నడుస్తాయి. పగటి కిరండూల్ పాసింజరు పొద్దున్న విశాఖ నుంచి పైకొస్తుంది, తిరుగు బండి మళ్లీ కిందికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి గోదావరి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. హైదరాబాద్ వెళ్లాల్సినవాళ్లు ఈ పాసింజరుని నమ్ముకుంటే రాత్రి విశాఖ ప్లాట్‌ఫాం మీద గడపాల్సి రావచ్చు.

రాత్రి నడిచే కిరండూల్ ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. అది తెల్లారేలోపు విశాఖ చేరుస్తుంది, కాబట్టి పొద్దుటి బండ్లకి అందుకోవచ్చు. అయితే నడిరాత్రి అరకు స్టేషన్‌కి మిమ్మల్ని చేర్చే మనిషెవరో ముందు చూసుకోవాలి. హుకుంపేట నుంచి ఆ వేళకి సర్వీసు ఆటో దొరకదు, బండి మాట్లాడుకుంటే అడిగినంత ఇవ్వాలి. వానాకాలంలో ఈ లైను మీద కొండచరియలు విరిగిపడటం కొత్తేం కాదు, ఆ రోజుల్లో బండిని మధ్యలోనే ఆపేస్తారు లేదా రద్దు చేస్తారు. జులై నుంచి అక్టోబరు దాకా ముఖ్యమైన పని మీద పోయేటప్పుడు రాత్రి బండి మీద ఆధారపడొద్దని నా సలహా. ఒక్క విశాఖదాకా పోవాలంటే మాత్రం పాసింజరుని మించింది లేదు. ఆర్డినరీ ఛార్జీకి కనీస ధర 10 రూపాయలు, దూరాన్ని బట్టి కొద్దికొద్దిగా పెరుగుతుంది. అదే బండికి తగిలించే అద్దాల విస్టాడోమ్ బోగీ 2017లో మొదలైంది. అది పర్యాటకుల వేడుక, దాని టికెట్ మనకి అక్కర్లేదు. చలికాలం సెలవు రోజుల్లో పొద్దున పైకొచ్చే బండి జనంతో కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజుల్లో విశాఖ నుంచి ఇంటికి రావాల్సినవాళ్లు బస్సెక్కడమే మేలు.

ఇక కిందికి దిగే అసలు దారి పాడేరు ఘాట్. వడ్డాది, చోడవరం మీదుగా మైదానంలోకి వస్తాం. ఇక్కడ అందరూ చేసే పనొకటి ఉంది: కళ్లు మూసుకుని విశాఖ టికెట్ తీసుకుని కాంప్లెక్స్‌లో దిగడం. హైదరాబాద్, విజయవాడ, చెన్నై వైపు పోయే బండి విశాఖలో కదిలి తిరిగి దువ్వాడ, అనకాపల్లి మీదుగానే వెళ్తుంది. అంటే మనం చోడవరం నుంచి విశాఖ దాకా పోయి, మళ్లీ రైల్లో వెనక్కి అనకాపల్లికే వస్తున్నాం. గోదావరి అనకాపల్లిలో ఆగుతుంది. పాడేరు నుంచి అనకాపల్లి వైపు పోయే బస్సుంటే అక్కడే దిగండి. సిటీ ట్రాఫిక్ తప్పుతుంది, ఆటో ఖర్చు తప్పుతుంది, గంటకి పైగా సమయం మిగులుతుంది.

దువ్వాడ ప్రత్యేకత ఇంకొకటి. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన బండి ఇంజను అటునుంచి ఇటు మార్చుకుని బయటికి పోవాలి. ఆ ఆలస్యం ఎందుకని హౌరా వైపు నుంచి దక్షిణానికి పోయే కొన్ని దూరప్రయాణపు బండ్లు విశాఖలోకి రాకుండా సింహాచలం నార్త్ నుంచి నేరుగా దువ్వాడకి మళ్లిపోతాయి. విశాఖ అని వెతికితే ఆ బండ్లు కనబడవు. చెన్నై, కేరళ, బెంగళూరు పోయేవాళ్లు దువ్వాడ నుంచి కూడా వెతికి చూడాలి. టికెట్ లేదనుకున్న రోజున అక్కడ దొరుకుతుంది.

ఆడవాళ్లకి ఇంకో లెక్క. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. సర్వీసు జీపుకో ఆటోకో డబ్బులిచ్చి తొందరపడేకంటే, పథకం వర్తించే బస్సు వేళ తెలుసుకుని దానికి సరిపోయే రైలు ఎంచుకుంటే తల్లీకూతుళ్ల ప్రయాణంలో కొండ దిగే ఖర్చు మొత్తం పోతుంది.

బస్సుకీ రైలుకీ మధ్య ఎంత ఎడం ఉంచాలి? బస్సు మామూలుగా చేరే వేళకీ రైలు కదిలే వేళకీ మధ్య మూడు గంటలు తగ్గనివ్వకండి. ఘాట్‌లో ఒక లారీ అడ్డం పడితే చాలు, రెండు గంటలు పోతాయి. స్టేషన్లో ఖాళీగా కూర్చునే మూడు గంటలకి ఖర్చు లేదు, తప్పిపోయిన స్లీపర్ టికెట్‌కి ఉంది.

అరవై రోజుల క్యాలెండర్

రిజర్వేషన్ ఎన్ని రోజుల ముందు తెరుస్తారన్నది ఇప్పుడు చాలామందికి పాత లెక్కే గుర్తుంది. 120 రోజులు అనుకుంటారు. 2024 నవంబర్ 1 నుంచి అది 60 రోజులే. ప్రయాణం రోజుని వదిలేసి లెక్కపెట్టాలి, ఉదయం 8 గంటలకి బుకింగ్ మొదలవుతుంది. జనవరి 11న పండక్కి బయల్దేరాలంటే టికెట్లు తెరిచేది నవంబర్ 12న.

దీంట్లో తెలియక నష్టపోయే మెలికొకటి ఉంది. ఆ అరవై రోజులు మీరెక్కే స్టేషన్ తేదీని బట్టి కాదు, బండి పుట్టిన స్టేషన్లో కదిలే తేదీని బట్టి. గోదావరి విశాఖలోనే బయల్దేరుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కోరమాండల్ లాంటి బండి బెంగాల్లో ఒకరోజు మధ్యాహ్నం బయల్దేరి, విశాఖకి మర్నాడు తెల్లవారుజామున వస్తుంది. జనవరి 11న మీరు దాన్ని విశాఖలో ఎక్కాలంటే బుకింగ్ నవంబర్ 11నే తెరుచుకుంటుంది. 12న లాగిన్ అయినవాడికి వెయిటింగ్ లిస్టే మిగులుతుంది. తత్కాల్‌కీ ఇదే లెక్క.

మన ప్రాంతంలో రద్దీ ఎప్పుడుంటుందో మనకే బాగా తెలుసు. సంక్రాంతి, దసరా అందరివీ. వాటికి తోడు ఏప్రిల్లో ఇటుకల పండుగ, మేలో పాడేరు మోదకొండమ్మ జాతర. బయట ఊళ్లలో పనిచేసే మనవాళ్లు ఆ రోజులకి ఇంటికి రావాలనుకుంటారు. ఏప్రిల్, మే అంటే దేశమంతా వేసవి సెలవులు, బండ్లు అప్పటికే నిండుతాయి. జాతర తేదీ తెలియగానే క్యాలెండర్లో అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి గుర్తు పెట్టాలి. చివరి వారంలో "స్పెషల్ బండ్లు వేస్తారులే" అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక మాట. పండగ స్పెషల్ బండ్లలో ఛార్జీ మామూలు కంటే ఎక్కువ, సమయపాలన తక్కువ. దురంతో వంటి బండ్లలో 2016 నుంచి ఫ్లెక్సీ ఛార్జీ నడుస్తోంది, బెర్తులు నిండేకొద్దీ ధర పదేసి శాతం చొప్పున పెరుగుతుంది. అలాంటి బండ్లలో ఆలస్యం నేరుగా డబ్బు రూపంలోనే తగులుతుంది. ఏసీ కావాలనుకుంటే విశాఖ–సికింద్రాబాద్ గరీబ్ రథ్ చూడండి, థర్డ్ ఏసీ మామూలు బండి కంటే తక్కువకి వస్తుంది.

టికెట్ మీద కనిపించని చిన్న ఖర్చులు కూడా చెప్పుకోవాలి. స్లీపర్‌కి రిజర్వేషన్ రుసుము 20, సూపర్‌ఫాస్ట్ బండైతే మరో 30. ఆన్‌లైన్లో కొంటే ఐఆర్‌సీటీసీ సౌకర్య రుసుము ఉంటుంది: నాన్ ఏసీకి యూపీఐతో చెల్లిస్తే 10 రూపాయలు, కార్డుతో అయితే 15, పైన జీఎస్టీ. ఒక పీఎన్‌ఆర్ మీద ఆరుగురి దాకా తీసుకోవచ్చు. ఈ సౌకర్య రుసుము మనిషికి కాదు, టికెట్‌కి. నలుగురు కలిసి పనికి పోతూ నలుగురూ విడివిడిగా కొనుక్కోవడం నేను తరచూ చూసే దుబారా.

కోటా అనే గది

"విశాఖ నుంచి అయితే అవైలబుల్, అనకాపల్లి నుంచి అయితే వెయిటింగ్. బండి ఒకటే, బోగీ ఒకటే. ఇదేటి మావా?" అని డిగ్రీ చదివే ఒక కుర్రాడు అడిగాడు.

బండిలో బెర్తులన్నీ ఒకే కుప్ప కాదు. బయల్దేరే స్టేషన్ నుంచి చివరిదాకా పోయేవాళ్లకి పెద్ద కోటా. మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్లకి, మధ్యలో దిగేవాళ్లకి చిన్న చిన్న కోటాలు. వెయిటింగ్ లిస్టు పక్కనుండే అక్షరాలు ఏ కుప్పలో మీ పేరుందో చెబుతాయి. జీఎన్‌డబ్ల్యూఎల్ అని ఉంటే పెద్ద కోటా, కదిలే అవకాశం ఎక్కువ. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అంటే మధ్య స్టేషన్ కోటా, పీక్యూడబ్ల్యూఎల్ అంటే చాలా స్టేషన్లు పంచుకునే కోటా. ఈ రెండింటిలో నంబరు చిన్నదైనా ఆశ తక్కువ. తత్కాల్ వెయిటింగ్ అయితే మరీ మొండిది.

కాబట్టి అనకాపల్లిలో ఎక్కాలనుకున్నా, విశాఖ నుంచి టికెట్ దొరికితే అదే తీసుకుని, బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ స్టేషన్ అనకాపల్లి అని పెట్టండి. ఇది నిబంధనలు ఒప్పుకునే పనే. అదనంగా పడేది కొద్దిపాటి ఛార్జీ. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. బోర్డింగ్ మార్చుకున్నాక మళ్లీ విశాఖలో ఎక్కే హక్కు ఉండదు. రెండోది, దీన్ని తిరగేయకూడదు: అనకాపల్లి నుంచి టికెట్ తీసుకుని విశాఖలో ఎక్కేస్తే టీటీఈ దృష్టిలో మీరు ఆ ముక్కకి టికెట్ లేని ప్రయాణికులే.

2025 మే 1 నుంచి వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్లో గానీ ఏసీలో గానీ కాలు పెట్టనివ్వడం లేదు. మునుపు "లోపలికెక్కి టీసీని బతిమాలుకుందాం" అనే ధైర్యం ఉండేది, ఇప్పుడా దారి లేదు. ఆర్‌ఏసీ అయితే ఫర్వాలేదు, సైడ్ లోయర్ని ఇద్దరు పంచుకుని కూర్చోవాలి గానీ బండెక్కే హక్కుంది.

హుకుంపేట లాంటి చోట ఉన్నవాళ్లు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. ఆన్‌లైన్ టికెట్ చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. కౌంటర్లో కొన్న టికెట్ అలా కాదు, మనమే రద్దు చేసుకోవాలి. ఫోన్లో 139కి చేసో వెబ్‌సైట్లోనో రద్దు చేసినా, డబ్బు తీసుకోవడానికి మళ్లీ స్టేషన్‌కి పోవాలి. కొండ మీద నుంచి ఆ తిరుగుడు ఎవరికి కావాలి? వెయిటింగ్ వచ్చే అవకాశమున్న రోజున ఆన్‌లైన్లోనే కొనండి. కౌంటర్‌ని ఒక్క పనికి దాచుకోండి, అదేమిటో కింద చెబుతాను.

అడక్కుండా ఎవరూ ఇవ్వని రాయితీ

ఈ అధ్యాయంలో డబ్బు బాగా మిగిల్చే విషయం ఇదే, దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం చాలా తక్కువ. సీనియర్ సిటిజన్ల రాయితీని 2020 మార్చి 20 నుంచి ఆపేశారు, ఆ తర్వాత "రాయితీలన్నీ పోయాయి" అన్న మాట ఊరంతా పాకింది. అన్నీ పోలేదు. విద్యార్థులకి, కొన్ని రకాల రోగులకి, దివ్యాంగులకి ఇంకా ఉన్నాయి.

చదువుకునే ఊరి నుంచి సొంతూరికి పోయే విద్యార్థికి సెకండ్ క్లాసులో, స్లీపర్లో మూల ఛార్జీలో సగం తగ్గుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకైతే 75 శాతం. వయోపరిమితి కూడా ఉంటుంది. మూల ఛార్జీ 400 అనుకోండి. 75 శాతం పోతే 100. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు తగ్గవు, ఆ 50 కలిపితే 150. స్లీపర్ బెర్తు నూట యాభైకి! తత్కాల్‌తో, వందే భారత్‌తో, జనరల్ బోగీతో కుస్తీ పట్టేవాళ్లలో ఎంతమంది గిరిజన విద్యార్థులకి ఈ సంగతి తెలుసు? కాలేజీల్లో చెప్పరు. చెప్పకపోవడంలో దురుద్దేశం లేదు, ఆ ఫారాల పుస్తకం ఆఫీసు బీరువాలో ఎక్కడుందో గుమాస్తాకే గుర్తుండదు, అంతే.

పద్ధతి ఇది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకి రైల్వే రాయితీ ఫారాలు ఇస్తుంది. ప్రిన్సిపాల్ దాని మీద విద్యార్థి పేరు, వయసు, సామాజిక వర్గం, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి అన్నది రాసి సంతకం పెట్టి ముద్ర వేస్తారు. దాన్ని తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి పోవాలి. ఆన్‌లైన్లో ఇది కుదరదు, అందుకే కౌంటర్‌ని ఈ పనికి దాచుకోమన్నాను. మీ ఇంటికి దగ్గరి స్టేషన్‌గా ఏది రాయించాలో ముందే తేల్చుకోండి: అరకా, అనకాపల్లా, విశాఖా? మీరు నిజంగా దిగేది ఏదో అదే రాయించాలి. కోచింగ్ సెంటర్ గుర్తింపు కార్డు ఇక్కడ పనికిరాదు. తత్కాల్ టికెట్‌కి రాయితీ కలవదు, కాబట్టి ఫారం సెలవులకి నెల ముందే చేతిలో ఉండాలి.

హైదరాబాద్‌లో చదివే ఆ నర్సింగ్ అమ్మాయినే తీసుకుందాం. సంక్రాంతి సెలవులు ఎప్పుడో కాలేజీ ఇంకా ప్రకటించదు. ప్రకటించేసరికి టికెట్లుండవు. ఆ అమ్మాయి నవంబర్ మొదటి వారంలోనే ఆఫీసుకి వెళ్లి, "సార్, సంక్రాంతికి ఊరెళ్లడానికి రైల్వే కన్సెషన్ ఫారం కావాలి, రానూపోనూ రాసివ్వండి" అని అడగాలి. తేదీ ఒకరోజు అటూఇటూ అయితే కౌంటర్లో మార్పు కోసం అడగొచ్చు, లేదా చిన్న కోతతో రద్దు చేసుకోవచ్చు. కన్ఫర్మ్ టికెట్‌ని ఎంత ముందు రద్దు చేస్తే కోత అంత తక్కువ. పూర్తి తేదీలు తెలిసే దాకా ఆగడం కంటే ఆ కోత భరించడమే చవక.

రోగుల విషయం మన కొండల్లో ఇంకా ముఖ్యం. సికిల్ సెల్ రక్తహీనత గిరిజన ప్రాంతాల్లో ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఆ జబ్బున్నవాళ్లు చికిత్సకో పరీక్షకో పోయేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో ఛార్జీ సగం. క్యాన్సర్ రోగికి స్లీపర్లో, థర్డ్ ఏసీలో మూల ఛార్జీ అసలు లేదు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. వీటికి ఆసుపత్రి డాక్టర్ నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వాలి. కేజీహెచ్ నుంచి పై ఆసుపత్రికి రాసిస్తున్నప్పుడే, ఆ కాగితంతో పాటే రైల్వే సర్టిఫికెట్ అడిగి రాయించుకోండి. వార్డు దాటి బయటికొచ్చాక మళ్లీ ఆ డాక్టర్ని పట్టుకోవడానికి ఒక పూట పోతుంది.

పిల్లల సంగతి క్లుప్తంగా. అయిదేళ్ల లోపు పిల్లలకి బెర్తు అడక్కపోతే టికెట్ లేదు. అయిదు నుంచి పన్నెండు లోపు అయితే బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి ఛార్జీ. ఒక్క రాత్రి ప్రయాణానికి ఆరేళ్ల పిల్లకి వేరే బెర్తు అవసరమా అన్నది తల్లే తేల్చుకోవాలి.

తత్కాల్, ఓటీపీ, చచ్చిపోయిన సిమ్ము

తత్కాల్ గురించి ఎక్కువ రాయను. చేతులు కాలాక పట్టుకునే ఆకులవి. ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకి, నాన్ ఏసీకి 11 గంటలకి తెరుస్తారు. స్లీపర్‌కి అదనంగా 100 నుంచి 200 దాకా పడుతుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే రూపాయి రాదు. ప్రీమియం తత్కాల్ అయితే ధర బెర్తులతో పాటు పైకి పాకుతుంది, దాని జోలికి పోకండి.

అయినా తప్పని రోజుంటుంది, చావు కబురో ఇంటర్వ్యూ పిలుపో. ఆ రోజు కోసం ఈ రోజే చేసుకోవాల్సిన పనొకటి ఉంది. 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాకే ఆన్‌లైన్లో తత్కాల్ ఇస్తున్నారు, ఓటీపీ కూడా వస్తుంది. ఆ తర్వాత మామూలు బుకింగ్ తెరిచే వేళకీ ఆధార్ తప్పనిసరి చేశారు. మన ఊళ్లలో ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఎప్పుడో రీచార్జి లేక చచ్చిపోయిన సిమ్ముది. ఓటీపీ ఆ నంబరుకి పోతుంది, ఇక్కడ మనం తెర వైపు చూస్తూ కూర్చుంటాం. ఆధార్ కేంద్రంలో ఫోన్ నంబరు మార్పించుకుని, ఐఆర్‌సీటీసీ ఖాతాలో ధ్రువీకరణ పూర్తి చేసి పెట్టుకోండి. పేరు ఆధార్లో ఎలా ఉందో ఖాతాలోనూ అలాగే, ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా. సిగ్నల్ వచ్చే చోటు ఊళ్లో ఏదో మీకు తెలుసు. పదకొండుకి తెరిచే టికెట్‌కి పదింబావుకే అక్కడుండాలి.

నెట్ సెంటర్లో చేయిస్తే? అధికారిక ఏజెంటు అయితే అతను నిర్ణీత రుసుమే తీసుకోవాలి, టికెట్ మీద ఏజెంటు పేరు ఉంటుంది. సొంత ఖాతాతో టికెట్లు కొని పైన వంద, రెండొందలు వేసుకుని అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. అలాంటి టికెట్లు పట్టుబడితే రద్దవుతాయి, అప్పుడు రోడ్డున పడేది మనం. మీ ఖాతాలోనే, మీ ఫోన్‌తోనే చేయించుకోండి. అతనికి టైపు చేసినందుకు ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వండి.

జనరల్ బోగీలో పోయేవాళ్లకి రెండు మాటలు. 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో జనరల్ టికెట్ ఫోన్లోనే దొరుకుతుంది. ఆ యాప్‌లోని ఆర్-వాలెట్‌తో చెల్లిస్తే 3 శాతం కలిసొస్తుంది. సూపర్‌ఫాస్ట్ బండికి సూపర్‌ఫాస్ట్ టికెట్టే ఉండాలి. పాసింజరు టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కి పట్టుబడితే తేడా ఛార్జీతో పాటు కనీసం 250 జరిమానా.

రెండు బండ్లు మారేటప్పుడు

కిరండూల్ రాత్రి బండి దిగి విశాఖలో ఇంకో బండి ఎక్కాలనుకునేవాళ్లు, లేదా విజయవాడలో మారి తిరుపతి పోయేవాళ్లు ఈ ఏర్పాటు వాడుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్‌ఆర్‌లని ఒకదానికొకటి కలుపుకునే వీలుంది. రెండో టికెట్ కొనేటప్పుడు ఇది కనెక్టింగ్ ప్రయాణం అని చెప్పి మొదటి పీఎన్‌ఆర్ ఇవ్వాలి. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒక్కలా ఉండాలి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని రెండో ముక్క డబ్బు కోత లేకుండా వెనక్కొస్తుంది. ఖనిజం బండ్లకి దారిస్తూ నడిచే లైను మీద నుంచి దిగేవాళ్లకి ఇది చాలా అవసరం. బస్సు ఆలస్యానికి మాత్రం రైల్వే బాధ్యత లేదు, అందుకే పైన ఆ మూడు గంటలు.

ఒకే దిశలో పోతున్నప్పుడు ముక్కలుగా టికెట్లు కొనకండి. రైలు ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి తగ్గుతూ పోతుంది. విశాఖ నుంచి విజయవాడకి ఒకటి, విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఇంకొకటి అని కొంటే మొత్తం ఎక్కువ పడుతుంది, రిజర్వేషన్ రుసుములూ రెండుసార్లు. నేరు టికెట్ దొరకనప్పుడే ముక్కలు.

తిరుగు టికెట్ కూడా పోయే టికెట్ కొన్న వారంలోనే చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి గోదావరికి వస్తే తెల్లవారుజామునే అనకాపల్లి వచ్చేస్తుంది, అలారం పెట్టుకోండి, బండి ఎక్కువసేపు ఆగదు. నిద్రపోతే విశాఖలో తేలతారు, అదనపు ముక్కకి టికెట్ ఉండదు. నిద్రమత్తు ఎక్కువైనవాళ్లు టికెట్ విశాఖ దాకా తీసుకోవడమే మంచిది. అనకాపల్లిలో దిగినవాళ్లు పాడేరు బస్సు వేళ ముందురోజే కనుక్కుని ఉండాలి, చోడవరంలో మారాల్సి వస్తే అక్కడి నుంచి బస్సులు దొరుకుతాయి. బియ్యం మూటలు, పిల్లలు, పెట్టెలు ఉంటే అనకాపల్లిలో దిగి రెండు బస్సులు మారేకంటే విశాఖ కాంప్లెక్స్‌కి పోయి నేరుగా పాడేరు బస్సెక్కడం తేలిక. ఆటోకి వందో నూట యాభయ్యో అవుతుంది. ఇవ్వండి.